కొండమీది ఓటరు – గుర్తింపు కార్డు

పాచిపెంట సంతకు కొండలనుండి దిగివచ్చు ఆడవారిని శ్రోతలలో కొందరైనను చూచియుందురు. తెల్లవారకముందే బయలుదేరి, తలమీద చింతపండు గంపయో, కొండచీపుళ్ల మోపో, అడ్డాకుల కట్టయో పెట్టుకొని, ఒకరి వెనుక ఒకరుగా వరుస తప్పక నడచి వత్తురు. వారి కొంగుముడిలో పైకముండుట సహజమే. ఇప్పుడు ఆ ముడిలో మరియొకటియు ఉండుచున్నది. పాలితిను సంచిలో చుట్టిన కార్డుల కట్ట. బియ్యపు కార్డు, ఆధారు కార్డు, ఉపాధి పనుల కార్డు, బ్యాంకు పుస్తకము, ఓటరు కార్డు. “సంతకు ఇవన్నియు ఎందుకమ్మా?” అని మేమొకసారి అడిగితిమి. “ఇంటికాడ ఉంచితే ఎలకలు కొడతాయి, వానకి నానిపోతాయి. ఎవులు ఎప్పుడు అడుగుతారో తెల్దు కదా బాబూ” అని జవాబు వచ్చెను.

ఈనాటి మా ప్రసంగము ఆ చివరి మాటకు వ్యాఖ్యానమనుకొనవచ్చును.

పాచిపెంట ఎక్కడనున్నదో తెలియనివారికి ఒక మాట. విజయనగరమునుండి రాయపూరునకు పోవు జాతీయ రహదారిమీద సాలూరు దాటి, పి.కోనవలస చేరునప్పటికి ఘాటు మొదలగును. ఆ మలుపులన్నియు ఎక్కి సుంకి చేరినచో ఒడిశా రాష్ట్రము. ఘాటు దిగువ పల్లపు భూములకు కేసలి దగ్గర పెద్దగెడ్డ జలాశయమున్నది. పైన గూడెములలో కొండదొరలు, జాతాపులు, గదబలు మొదలగువారు కాపురముందురు. శాసనసభకు సాలూరు, లోకసభకు అరకు, రెండును షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడిన స్థానములే. ఈ సీమకొక విచిత్రమున్నది. మనుష్యులు కదలరు, చిరునామాలు కదలును. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినపుడు సాలూరు తాలూకా విశాఖపట్టణము జిల్లానుండి దానిలోనికి వచ్చెను. 1979లో విజయనగరము జిల్లాలోనికి పోయెను. 2022 ఏప్రిలులో పార్వతీపురం మన్యం జిల్లాలోనికి వచ్చెను. ఎనుబది యేండ్ల అవ్వ తన గడప దాటకయే నాలుగు జిల్లాలలో కాపురము చేసినదన్నమాట. ఆమె దగ్గరనున్న నాలుగు కాగితములలో రెండింట ఒక జిల్లా పేరును, రెండింట మరొక జిల్లా పేరును ఉండినచో తప్పు ఆమెదని ఎవరనగలరు?

పేరు సంగతి ఇంతకన్న చిక్కైనది. మన దేశమున మొదటి సాధారణ ఎన్నికలు 1951–52లో జరిగినపుడు సుమారు 17 కోట్ల 30 లక్షలమంది పేర్లు జాబితాల కెక్కెను. ఆనాటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారికి ఎదురైన చిక్కులలో ఆడవారి పేర్లు ఒకటి. పరాయి మగవానికి తన పేరు చెప్పుట మర్యాద కాదని తలచి, ఫలానావాని భార్యననియో, ఫలానావాని తల్లిననియో మాత్రమే చెప్పినవారు ఉత్తరాది రాష్ట్రములలో అసంఖ్యాకముగా ఉండిరి. స్వంత పేరు లేనిదే జాబితాలో చేర్చరాదని కమిషను ఆదేశించెను. తత్ఫలితముగా సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు తీసివేయబడెను. ఆ ఉత్తర్వు సరియైనదే అనువారున్నారు. ఎవని భార్యగానో గాక స్వంత మనిషిగా ఓటు వేయవలెనన్న పట్టుదల దానిలోనున్నదని వారి వాదము. వాదము కాదనలేము, కాని 28 లక్షలమంది ఆ సంవత్సరము ఇంటనే కూర్చుండిరి. గుర్తింపునకు సంబంధించిన ప్రతి నియమమునందును ఈ రెండు ముఖములును కలవు.

మా కొండలలో ఆడవారు పేరు దాచరు. అడిగినదే తడవుగా చెప్పుదురు. చిక్కు మరొకచోట నున్నది. ఘాటు పైని గూడెములలో పుట్టిన వారమునుబట్టి పేరు పెట్టుట చాలచోట్ల వాడుక. సోమవారము పుట్టిన పిల్ల సోంబారి, మంగళవారము మంగ్లి, బుధవారము బుద్రి, గురువారము గుర్బారి, శుక్రవారము సుక్రి. వారమునకు ఏడే దినములు కనుక నలుబది గడపల గూడెములో బుద్రులు అయిదారుగురుండుట వింత కాదు. ఊరివారు పెద్ద బుద్రి, చిన్న బుద్రి, గెడ్డకాడి బుద్రి అని తేలికగా గుర్తు పట్టుదురు. పల్లమునుండి వ్రాతపనికై వచ్చిన మనవంటివారు ఆ పేరు విని, ఇదేమి పేరని మనసులో అనుకొని, ‘బుధమ్మ’ అని దిద్ది వ్రాయుదుము. మరొకరు ‘బుద్ది’ అని వ్రాయుదురు. ఇంగ్లీషు అక్షరములలోనికి పోయి తిరిగి తెలుగులోనికి వచ్చునప్పటికి ఆమె పేరు ఆమెకే తెలియని రూపు దాల్చును. పుట్టిన తేదీ వ్రాసిపెట్టినవారు లేరు కనుక వయస్సు చూపునకు తోచినంత. ఇట్లు ఒక్క మనిషి అయిదు కార్డులలో అయిదుగురై కూర్చున్నది.

అటులైనచో గుర్తింపు అడుగుటయే తప్పందుమా? అనము. ఓటు దొంగిలింపబడుట పేదవానికే ఎక్కువ హాని. బలవంతుని ఓటు మరొకడు వేయజాలడు. ఎండనబడి నడచివచ్చిన కూలివానికే “నీ ఓటు పడిపోయినది, పో” అను మాట వినవలసి వచ్చెడిది. చెరగని సిరాచుక్క మొదటి ఎన్నికలనుండియు ఉన్నది; 1962నుండి మైసూరులోని ప్రభుత్వ రంగుల కర్మాగారమున తయారైన సిరా వాడుచున్నారు. శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉండగా 1993లో ఫొటో గుర్తింపు కార్డులకు ఆదేశములు వెలువడెను. ఆ కార్డు చేతికి వచ్చిన దినమున కొండమీది మనుష్యుల ముఖములలో మేము చూచిన సంతోషము మరువలేము. తమ ఫొటో తాము చూచుకొనుట వారిలో చాలమందికి అదియే మొదటిసారి. బొమ్మలో తాను ముసలివాడుగా కనబడితినని ఒక తాత మాతో తగవు పెట్టుకొనెను కూడ.

కాని ఆ కార్డుతోనే ఒక అపోహయు బయలుదేరెను. కార్డే ఓటని జనము నమ్మిరి. అది నిజము కాదు. ఓటు జాబితాలోని పేరున కలదు. కార్డు ఆ పేరుగల మనిషి ఈమెయే అని చూపు సాక్షి మాత్రమే. కార్డుండి జాబితాలో పేరు లేనిచో ఓటు లేదు. జాబితాలో పేరుండి కార్డు పోయినచో ఓటున్నది. ఆధారు, ఉపాధి హామీ పనుల కార్డు, ఫొటో అంటించిన బ్యాంకు లేక తపాలా కార్యాలయపు పుస్తకము, ఫొటోగల పింఛను పత్రము మొదలైనవానిలో ఏదేని యొకటి చాలునని కమిషను ప్రకటించుచున్నది. 2024 ఎన్నికలలో ఇట్టివి 12 రకములు. వేరొక నియోజకవర్గములో ఇచ్చిన ఓటరు కార్డైనను సరే, ఈ కేంద్రపు జాబితాలో పేరున్నచో ఒప్పుకొనవలెను. కార్డులో అక్షరదోషములున్నను, మనిషి ఆమెయే అని తేలినచో వానిని పాటింపనక్కరలేదు. ఈ కడపటి వాక్యమును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని మా కోరిక. మేము గుర్తుంచుకొనకపోతిమి.

మేము బడిపంతులుగా పనిచేసిన కాలమున ఎన్నికల విధులు మాకు పరిపాటి. 2009 ఏప్రిలు ఎన్నికలలో ఒక కొండగూడెపు బడిలో ప్రిసైడింగు అధికారిగా ఉంటిమి. ఊరి పేరు చెప్పము; తప్పు ఊరిది కాదు, మాది. ఉదయము తొమ్మిది గంటల వేళ ఒక అవ్వ వచ్చెను. ఆమెది నాలుగు మైళ్ల దూరపు గూడెము. రెండు కిలోమీటర్లకు మించి ఓటరును నడిపింపరాదను నియమము కలదు గాని కొండదారికి ఆ నియమము తెలియదు. ఆమె కార్డులో పేరు బుద్రి. జాబితాలో ఆమె వరుస సంఖ్యకు ఎదుట బుధమ్మ. భర్త పేరు రెండింటను ఒక్కటే. వయస్సులకు పొంతన లేదు. ఫొటో చెమటకు మసకబారినది, అయినను ముక్కుకమ్మితో సహా ముఖము పోల్చుకొనదగినట్లే ఉన్నది.

అభ్యర్థి ఏజెంటొకడు “ఈమె ఆమె కాదేమో” అని గొణిగెను. నిజముగా ఆక్షేపింపదలచినవాడు రెండు రూపాయలు ధరావతు కట్టి, ఈమె వేరు మనిషి అని తానే మొదట రుజువు చూపవలెను. చూపలేనిచో ఆమెను ఓటు వేయనీయవలెను. అతడు రెండు రూపాయలు కట్టలేదు, గొణిగి ఊరకుండెను. మేము ఆ గొణుగుడుకే జంకితిమి. తరువాత మాటపడవలసి వచ్చునేమో అను భయము మాది. “ఇంకొక కాగితమేదైన తెచ్చుకొనుము, అవ్వా” అని పంపితిమి. “పనుల కార్డు ఉన్నాది బాబూ, తెస్తాను” అని ఆమె మారుమాటాడక వెడలిపోయెను.

పనుల కార్డు ఆమె ఇంట లేదట. హాజరు వేయుటకు తీసికొన్నవాడు తనయొద్దనే ఉంచుకొనెనట. అతడు వేరొక గూడెమునకు పోయియుండెను. అతనిని వెదకి, కార్డు తీసికొని, మనుమని వెంటబెట్టుకొని ఆమె బడి చేరునప్పటికి పోలింగు గడువు ముగిసి అరగంటయైనది. గడువు వేళకు వరుసలో నిలిచియున్నవారికి చీటీలిచ్చి చివరివాని వరకు ఓటు వేయించవచ్చును. అరగంట ముందు వచ్చియుండినచో ఆమెయు వేయగలిగియుండును. అప్పటికే యంత్రమునకు ముగింపు మీట నొక్కి సీళ్లు వేయుచుంటిమి. “అయిపోనాదా బాబూ?” అని మాత్రమడిగెను. వసారాలో కూర్చుండి మంచినీళ్లు త్రాగి, మనుమని భుజముమీద చేయివేసికొని వెడలిపోయెను. మమ్ములను ఒక్క మాట అనలేదు. అనియుండినచో బాగుండెడిది. ఆ రాత్రి లాంతరు వెలుగున ప్రిసైడింగు అధికారుల చేతిపుస్తకము తిరగవేయుచుండగా అక్షరదోషములను గూర్చిన ఆ సూచన కంటబడెను. శిక్షణనాడు మాకు ఇచ్చిన పుస్తకమే అది. నియమము అవ్వ పక్షముననే ఉండెను. మేము లేకపోతిమి.

ఇట్టిది మన కొండలలోనే జరుగుననుకొనవలదు. అమెరికాలో ఇండియానా అను రాష్ట్రమున ఫొటో గుర్తింపు తప్పనిసరి చేసిన చట్టమును అక్కడి సుప్రీంకోర్టు 2008 ఏప్రిలు చివర సమర్థించెను. వారము తిరిగినంతనే మే నెల ఎన్నికలలో సౌత్ బెండు పట్టణమున పదిమందికి పైగా వృద్ధ సన్యాసినులు ఓటు వేయలేక వెనుదిరిగిరి. ఎనుబది, తొంబది యేండ్లవారు. మోటారు నడుపువారు కారు కనుక లైసెన్సులు లేవు. వారిని త్రిప్పి పంపినది ఎవరనుకొన్నారు? అదే మఠమునకు చెందిన మరొక సన్యాసిని. నిత్యము వారిని పేరుపెట్టి పిలుచునామెయే. ఎరిగిన ముఖమును ఎరుగనట్లు చూడవలెనని నియమము ఆమెను నిర్బంధించెను. మా విషయమున నియమము నిర్బంధింపకయే మేము ఆ పని చేసితిమి. ఇంగ్లండులో ఫొటో గుర్తింపు 2023 మే నెల స్థానిక ఎన్నికలతో మొదలయ్యెను. ఆ దినమున కనీసము 14,000 మంది ఓటు వేయకయే మరలిపోయిరని అక్కడి ఎన్నికల సంఘమే లెక్క చెప్పెను.

కాగితము లేని కష్టము ఇది. కాగితములు మిక్కుటమైన కష్టము కూడ మా కొండవరుసలోనే ఉన్నది.

సాలూరుకు ఎగువన, ఒడిశాలోని కొరాపుట్ జిల్లా పొట్టంగి సరిహద్దున కొటియా గ్రామములనునవి 21 కలవు. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడి, జయపురం సంస్థానపు సీమ మద్రాసునుండి అందులోనికి పోయినపుడు ఈ గ్రామములు ఎవరివో తేలలేదు. నాటినుండి నేటివరకు తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టులో దావా వేసెను. 2006లో, ఇది పార్లమెంటు తేల్చవలసిన తగవనియు, అంతవరకు ఉన్నది ఉన్నట్లే ఉండవలెననియు కోర్టు చెప్పెను. ముప్పది యెనిమిదేండ్లకు వచ్చిన జవాబది. ఈ మధ్యకాలమున అక్కడి సంసారి ఏమి చేయవలెను? ఆంధ్ర అధికారి వచ్చి కార్డు ఇచ్చినచో పుచ్చుకొనెను. ఒడిశా అధికారి వచ్చి ఇచ్చినచో అదియు పుచ్చుకొనెను. రెండు బియ్యపు కార్డులు, రెండు ఓటరు కార్డులు, రెండు భాషలలో రెండు పేర్లు. తెలుగు జాబితాలో ఒకలాగు, ఒడియా జాబితాలో ఒకలాగు.

ఒక మనిషి రెండు నియోజకవర్గముల జాబితాలలో ఉండరాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 17వ సెక్షను చెప్పుచున్నది. తప్పుడు ప్రకటన చేసి పేరు చేర్చుకొన్నచో ఒక సంవత్సరము వరకు శిక్ష కూడ కలదు. చట్టము స్పష్టమే. కాని ఆ చట్టమును నడపు రెండు ప్రభుత్వములును ఆ సంసారిని “నీవు మావాడవు” అని చేయిపట్టి లాగినవే కదా! 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు జరిపినపుడు, అది కోర్టు ధిక్కారమని ఒడిశా మరల సుప్రీంకోర్టు తలుపు తట్టెను. అదే సంవత్సరము నవంబరులో ఇరువురు ముఖ్యమంత్రులు భువనేశ్వరములో కూర్చుండి, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేయుదమనుకొనిరి.

2024 మే 13న విధి ఒక పరీక్ష పెట్టెను. ఆంధ్రప్రదేశ్ అంతటను, ఒడిశాలో కొరాపుట్ స్థానమునకును పోలింగు ఒక్కనాడే వచ్చెను. వేలికి సిరాచుక్క ముందే ఉన్నవానికి మరల ఓటు ఇయ్యరాదని నియమము. కార్డులు రెండైనను ఎడమచేతి చూపుడు వ్రేలు ఒక్కటే. 1936లో పెద్దలు తేల్చలేని సరిహద్దును ఆ ఉదయము కొటియా కాపు తన చూపుడు వ్రేలితో తేల్చుకొనవలసి వచ్చినది.

మా బెంగ ముందు కాలమును గూర్చినది. జంట పేర్లను ఏరివేయు పని యంత్రములకు అప్పగించు దినములివి. రెండుచోట్లనున్న పేరును ఒకచోటనుండి తీసివేయుట న్యాయమే. “అటు ఉన్నాడు కదా” అని ఇటువారును, “ఇటు ఉన్నాడు కదా” అని అటువారును ఒకేమారు కొట్టివేసినచో ఆ మనిషి ఎక్కడివాడగును? ఇది ఉత్త అనుమానము కాదు. 2015లో ఓటరు జాబితాలను ఆధారుతో జోడించు కార్యక్రమము దేశమంతట మొదలై, ఆ యేడు ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో నిలిచిపోయెను. తెలంగాణలో 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికలనాడు, ఏండ్ల తరబడి ఓటు వేయుచున్న హైదరాబాదు వాసులెందరో తమ పేరు జాబితాలో లేదని తెలిసికొని విస్తుపోయిరి. కార్డు చేతనున్నది, పేరు లేదు! ఆ రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగముగా క్షమాపణ చెప్పెను. పట్టణవాసి కనుక పత్రికలకెక్కి అడుగగలిగెను. బీహారులో 2025 ఆగస్టున ప్రకటించిన ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకపోవుటయు, ఆధారును కూడ ఒప్పుకొనవలెనని సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పుటయు శ్రోతలకు తెలిసినదే.

ఆధారు సంఖ్య ఇయ్యలేకపోయినంత మాత్రమున, తగిన కారణమున్నచో, పేరు చేర్చుటకు నిరాకరింపరాదనియు, ఉన్న పేరు తీసివేయరాదనియు 2021 నాటి సవరణ చట్టములోనే వ్రాసియున్నది. పేరు తీసివేయవలెనన్నచో ఆ మనిషికి నోటీసు ఇచ్చి చెప్పుకొనుటకు అవకాశమీయవలెను. కాని నోటీసు కొండ ఎక్కునప్పటికి గడువు దిగిపోవును. ఎక్కినను చదువువారెవరు? జాబితాను పంచాయతీ గోడకు అంటింతురు. గోడ ముందు నిలిచి చదువగలవారు పనికి పోయియుందురు. చదువలేనివారు ఆ నీడను కూర్చుండియుందురు. అన్ని గ్రామములలోను అధికారులు ఉదాసీనులని మా అభియోగము కాదు. మిక్కిలి వెనుకబడిన ఆదిమ తెగలవారిని ఒక్కరినైనను విడువక చేర్పించుటకు కమిషను ఇటీవల ప్రత్యేక శిబిరములు పెట్టించినది. కొండలెక్కి తిరిగిన బూతు స్థాయి అధికారులను మేము ఎరుగుదుము.

విశ్రాంతి తీసికొన్న తరువాత మేము పెట్టుకొన్న పని ఒకటి కలదు. ముసాయిదా జాబితా వెలువడిన కాలమున దాని ప్రతి సంపాదించి, సంతనాడు చింతచెట్టు క్రింద కూర్చుండి పేర్లు పైకి చదువుదుము. మొదట నవ్విరి. తరువాత గంపలు దించి చుట్టును చేరిరి. క్రిందటిసారి ఒక గూడెపు జాబితాలో బుద్రి అను పేరు మూడుసార్లు వచ్చెను. మూడవది చదువగానే ఒక ఆడమనిషి “అది నానే, కానీ మా ఆయన పేరు అది కాదు బాబూ, అది మా మరిది పేరు” అనెను. చుట్టునున్నవారు గొల్లుమని నవ్విరి. ఆమెయు నవ్వెను. ఎనిమిదవ నంబరు ఫారము తీసి, దిద్దవలసిన పేరు అడిగితిమి. ఆమె భర్త పేరు చెప్పుటకు సిగ్గుపడి ప్రక్కనామె చెవిలో చెప్పెను; ప్రక్కనామె మాకు చెప్పెను. మేము విన్నది విన్నట్లే, ఒక్క అక్షరమైన దిద్దక, వ్రాసికొంటిమి.